నలభై ఎనిమిది అడుగులు

బుల్లెమ్మకి తెల్లవారడమంటే పొద్దు పొడవడం కాదు. కొంగలపాయ మురుగు కాలవని ఆనుకుని ఉన్న తన ఎకరం చేను దగ్గరికి వెళ్ళాలి. పడమటి గట్టు మొదట్లో చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేను తలాపునున్న సాగునీటి బోదె గట్టు మీద తూర్పు గట్టు దాకా నడవాలి. నడుస్తున్నంతసేపూ పెదాలు మాత్రం కదుల్తాయి. బోదెలో నీళ్ళున్న రోజుల్లో ఆ నీళ్ళు కూడా ఆవిడ పక్కనే లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నట్టుంటాయి. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. కుడికాలి బొటనవేలు తూర్పు గట్టు మట్టికి తగుల్తుంది. అప్పుడు తెల్లవారుతుంది.

కూచిపూడి దాటి కొంత దూరం పోతే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. ఊళ్ళో వెనకాల ఆవిణ్ణి "నలభై ఎనిమిది" అంటారు. "నలభై ఎనిమిది" పాలు పోయించుకుని మళ్ళీ కొలిపించిందట, "నలభై ఎనిమిది" గ్యాస్ బండని చంకనెత్తి బరువు చూసి గానీ లోపలికి రానివ్వలేదట. ఆ పేరుందని ఆవిడకీ తెలుసు. పెట్టిందెవరో కూడా తెలుసనే అనుకుంటుంది. కాకపోతే ఆ పెట్టిన మనిషి ఏడాదికొకడు మారుతుంటాడు.

అనుమానం ఆవిడతో పుట్టింది కాదు, గొలుసుతో వచ్చింది. పెళ్ళయిన నాలుగో ఏడు ఆవిడ భర్త హనుమయ్యా, వాళ్ళన్నా పొలం పంచుకున్నారు. ఎండలో మనుషుల నీడలు కాళ్ళ కిందకి ముడుచుకున్న వేళ. బావగారి వాటా కొలిచేటప్పుడు సర్వే గొలుసు తీగలా బిగుసుకుంది. వీళ్ళ వాటా కొలిచేటప్పుడు మధ్యలో నీరసంగా వాలింది. మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డ బుల్లెమ్మ, "గొలుసు వాలుతోంది" అంది. గొలుసు పట్టుకున్నవాళ్ళు వినలేదు. హనుమయ్య విన్నాడు. విని, తల దించుకుని, ఒక గడ్డిపరక పీకి నోట్లో పెట్టుకున్నాడు.

నూరడుగుల వెడల్పు రావాల్సిన చోట తొంభై ఆరే దక్కింది. రిజిస్ట్రేషన్ ముందు టేపు పెట్టి కొలిచాక దస్తావేజులో పడిన అంకె కూడా అదే. ఈశాన్యం హద్దు మూలలో హనుమయ్య సర్వే రాయి పాతాడు. ఆ సాయంత్రం హనుమయ్య భార్యని చేలోకి తీసుకెళ్ళి నడిపించాడు. ఎండిన మట్టిలో ఆవిడ పాదాల గుర్తుల్ని జానతో కొలుచుకుంటూ వెనకాలే వచ్చాడు. చివరికి నవ్వి, "నీ అడుగొక్కటీ సరిగ్గా రెండడుగులే బుల్లీ. నలభై ఎనిమిది పడితే మన చేను మనకున్నట్టే. మనుషుల్ని నమ్మకపోతే మానె, నీ కాలిని నమ్ముకో" అన్నాడు.

హనుమయ్య పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన మిగిల్చి వెళ్ళినవాటిలో ఇప్పటికీ చెక్కుచెదరనిది ఆ మాటొక్కటే. కూతురు ఇబ్రహీంపట్నంలో ఉంటుంది, వచ్చి తీసుకెళ్తానంటుంది. ఈవిడ వెళ్ళదు. వెళ్తే తెల్లవారేదెలా?

తొమ్మిదేళ్ళ కిందట తూర్పు పక్క చేనుగల జక్కయ్య వరి మానేసి చేపల చెరువు తవ్వించాడు. పొక్లెయిన్ పదకొండు రోజులు తిరిగింది. తవ్విన మట్టంతా హద్దు పొడుగునా గట్టుగా లేచింది. గట్టు మీద కొబ్బరి మొక్కలు వరసగా పెట్టాడు. అంతవరకూ పక్క చేను అంటే పక్కనుండేది. ఇప్పుడు పన్నెండు నెలలూ నీళ్ళు తన చేనుకంటే ఎత్తున నిలబడి తనవైపే చూస్తున్నట్టుండేది బుల్లెమ్మకి. గాలి వీచినప్పుడల్లా చెరువు ఏదో చప్పరిస్తున్నట్టు చప్పుడయ్యేది.

జక్కయ్య గట్టు జారుస్తాడు, ఏటా ఓ జానెడు ఇటు నెడతాడు, తన చేను తినేస్తాడు. ఇదీ ఆవిడ భయం. అందుకని ఏటా జ్యేష్ఠంలో, కాలవలకి నీళ్ళు వదలకముందే, బోదె పూడిక తీసి ఆ ఒండ్రు గంపలకెత్తించి తూర్పు గట్టుకి తనవైపు మెత్తించేది. పారతో చరిచి, అరచేత్తో నున్నగా రాసేది. ఒక పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు రాసేది. ఈశాన్యం మూలలో చెమ్మ ఎక్కువ కాబట్టి అక్కడ మరో పది గంపలు ఎక్కువ పడేవి. మర్నాడు పొద్దున్నే కొలిస్తే నలభై ఎనిమిది. "నేనున్నంతకాలం వాడి ఆటలు సాగవు" అనుకునేది.

చెరువు తవ్విన నాలుగో ఏడు ఆ మూలనున్న సర్వే రాయి కనపడకుండా పోయింది.

దాంతో ఆవిడ అనుమానానికి కాళ్ళొచ్చాయి. మండలాఫీసుకి అర్జీ మీద అర్జీ. అన్నింట్లోనూ ఒకటే మాట: జక్కయ్య హద్దురాయి పీకి చెరువులో పడేశాడు. ఒకసారి సర్వేయరు నిజంగానే వచ్చాడు. వచ్చినవాడు ముందు జక్కయ్య చెరువు గట్టున కూర్చుని కొబ్బరి బోండం తాగాడు. బుల్లెమ్మ ఆ బోండం వంక ఒకసారి, ఆయన గొలుసు వంక ఒకసారి చూసి, కొలవక్కర్లేదు, చుట్టుకుని దయచెయ్యండి అంది. ఊరు నెల్లాళ్ళు నవ్వుకుంది. జక్కయ్య ఎదురైతే "ఏం వదినా, ఇవాళ ఎన్నొచ్చాయి?" అనేవాడు. ఆవిడ పలికేది కాదు. దారి మార్చేది.

ఆ ఊరికి భూముల రీసర్వే ఇంకా రాలేదు. పక్క ఊళ్ళో డ్రోన్లు ఎగరేసి కొలిచారని, హద్దుల వెంట సున్నం పోసుకోమని ముందే దండోరా వేయించారని అందరూ విన్నారు. కాబట్టి మొన్న జూన్ మొదట్లో ఒక సాయంత్రం కొంగలపాయ మీద జుమ్మని రొద వినపడి, కొంగలన్నీ ఒక్కసారే లేచి, ఆకాశంలో నాలుగు రెక్కల నల్లటి పురుగొకటి ఆగి నిలబడేసరికి ఊళ్ళో ఎవరూ ఇదేమిటని అడగలేదు. సర్వే వచ్చిందనుకున్నారు.

బుల్లెమ్మ మరో మెట్టు దాటి అనుకుంది. దండోరా లేకుండా వచ్చిందంటే జక్కయ్య పిలిపించుకున్నదే అయ్యుంటుంది. అది ఎక్కువసేపు నిలబడింది కూడా అతని చెరువు మీదే.

మర్నాడు తొలి వెలుగుకే ఆవిడ చేలో ఉంది. వెల్ల వేయగా మిగిలిన సున్నం సంచి ఇంట్లో ఉంది కదా, అది గంపలోకి ఒంపుకుని తెచ్చింది. పడమటి గట్టు నుంచి అడుగులు వేసింది. నలభై ఎనిమిదో అడుగు ఎక్కడ పడిందో అక్కడ గుప్పెడు సున్నం పోసి, అక్కణ్ణించి మురుగు కాలవ దాకా తూర్పు గట్టు పాదం వెంబడి తెల్లటి గీత గీసుకుంటూ పోయింది. పైనుంచి చూసే కన్ను ఎవరిదైనా సరే, ఇదిగో నా హద్దు. ఆవిణ్ణి చూసి బోదెకి అవతలివైపు చేలవాళ్ళు మరో నలుగురు తమ రాళ్ళ వరసన సున్నం పోసుకున్నారు. ఎండ ఎక్కేసరికి నల్లటి దుక్కి మీద ముగ్గు కోసం చుక్కలు పెట్టి కలపడం మర్చిపోయినట్టు అక్కడక్కడా తెల్ల గీతలు.

తొమ్మిదింటికి బోదె పక్కన ఒక కారు ఆగింది. అందులోంచి దిగిన ముప్ఫై ఐదేళ్ళ మనిషి సింధూరి. విజయవాడలో వరద నీళ్ళు నిలబడిపోయిన రోజుల్లో వాళ్ళ వీధిలో వారం రోజులు పడవ మీద తిరిగిందట. అప్పట్నుంచి డెల్టాలో మురుగు కాలవలు ఎందుకు ఊపిరాడక పడున్నాయో డాక్యుమెంటరీ తీస్తోంది. డ్రోన్ ఎగరేసే అతను అమన్, భవానీపురం వాడు. పదేళ్ళుగా పెళ్ళిమండపాల మీద ఎగరేసి, ఇప్పుడు కాలవల మీద ఎగరేస్తున్నాడు. పెళ్ళికూతుళ్ళకంటే కాలవలు నయమండీ, మళ్ళీ తియ్యమని అడగవు అంటాడు.

సింధూరి తాము వచ్చిన పని చెప్పింది. సర్వేవాళ్ళం కాదని మూడుసార్లు చెప్పింది. బుల్లెమ్మ చూపు ఆమె మీద లేదు. కారు చక్రం పక్కన పడున్న రెండు ఖాళీ బోండాల మీద ఉంది.

"ఎవరు పంపారమ్మా మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు మామ్మగారూ. మేమే వచ్చాం."

"ఎవరూ పంపకుండా ఈ ఎండలో ఎవరొస్తారు?"

అమన్ నవ్వు ఆపుకుని డ్రోన్ చేతిలోకి తీసుకుని చూపించాడు. ఇది మనుషుల్ని పట్టుకోడానికి కాదు, చూడ్డానికేనన్నాడు. ఆవిడ దాని కంటికేసి వంగి చూసి, మనం మాట్లాడేది దీనికి వినపడుతుందా అని అడిగింది. వినపడదండీ, చూస్తుందంతే అన్నాడు. చూసేది వినకుండా ఎలా ఉంటుందని ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

అయినా మాట్లాడింది. కాలవ గురించి అడిగితే రాయి గురించి చెప్పింది. నేల మీదున్న కెమెరా ఎదుట నిలబడి, కొంగు భుజం నిండా కప్పుకుని, కోర్టులో చెప్పినట్టు చెప్పింది. జక్కయ్య మా హద్దురాయి పీకి చెరువులో పారేశాడు. గట్టు నా చేలోకి నెడుతున్నాడు. నేను రోజూ కొలుచుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి చేపలు నా పొయ్యి దాకా వచ్చేవి. ఆ చివరి మాటకి సింధూరి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు బుల్లెమ్మ గమనించింది. ఎందుకు మెరిశాయా అని ఆ రోజంతా ఆలోచించింది.

వెళ్ళేముందు సింధూరి ఒక మాటిచ్చింది. వరి ఎదిగాక మళ్ళీ వస్తాం, అదే ఎత్తులో, అదే దారిలో మళ్ళీ ఎగరేస్తాం. మీ చేను బొమ్మ మీకు చూపించకుండా ఇంకెవరికీ చూపించం. బుల్లెమ్మ తలూపింది. నమ్మి కాదు, కారు త్వరగా కదుల్తుందని.

వాళ్ళు నిజంగానే వచ్చారు. వినాయక చవితి వెళ్ళిన వారానికి, వాన వెలిసి ఆకుల మీద వెలుగు తడితడిగా ఉన్న పూట. పొద్దున్నే ఎగరేసి, తర్వాత బుల్లెమ్మ ఇంటికొచ్చి, మంచం మీద లాప్‌టాప్ తెరిచారు.

అరవై ఎనిమిదేళ్ళ బుల్లెమ్మ ఇన్నాళ్ళూ కింది నుంచి చూసిన భూమి అది. మొదట పోల్చుకోలేదు. "ఇదెవరి చేనమ్మా?" అంది. మీదేనండీ అన్నారు. మురుగు కాలవ వెండి తాడులా మెలికలు తిరిగి ఉంది. చెరువులు అద్దాలు పరిచినట్టు. ఇంత బాగుందేమిటి అనుకుంది. వెంటనే, ఇంత బాగుందంటే ఏదో మార్చి ఉంటారు అనుకుంది.

సింధూరికి ఆ చూపు అర్థమైనట్టుంది. "నాకూ అదే అనుమానమండీ. పైనుంచి అన్నీ అందంగానే ఉంటాయి. కుళ్ళిన నీళ్ళు కూడా. అందుకే ఒక్కసారి తీసిందాన్ని నమ్మం. రెండోసారి తీసింది పక్కన పెట్టి చూస్తాం" అంది.

పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు జూన్, సున్నపు గీతలతో. కుడివైపు ఇప్పటిది, పచ్చగా. ఆ పచ్చదనంలో చెరువు పక్క పొడుగునా ఒక పసుపు పట్టీ. వరి ఎదగక పాలిపోయిన పట్టీ. చెరువు ఊట దిగి వేళ్ళు మురుగుతున్నాయి, ఈ కాలవ పొడుగునా పంతొమ్మిది చెరువుల పక్కన ఇలాగే ఉంది, మా సినిమా అసలు దీని గురించేనండీ అంది సింధూరి. బుల్లెమ్మకి ఆ పట్టీ కొత్త కాదు. అక్కడ గింజ పట్టదని తొమ్మిదేళ్ళుగా తెలుసు. కానీ ఆవిడ వేలు అటు వెళ్ళలేదు, సున్నపు గీత మీదికి వెళ్ళింది. "నా చేను ఎంతుందో ఇందులో కొలవొచ్చా?"

అమన్ కొలిచాడు. తెర మీద పడమటి గట్టు నుంచి సున్నపు గీత దాకా ఒక ఎర్ర దారం లాగాడు.

"ఎనభై నాలుగు అడుగులండి."

"అదేంటి, నాకు నలభై ఎనిమిదేగా వచ్చేది?"

"ఎనభై నాలుగే వస్తోందండి."

"ఎవరి అడుగు?" అంది బుల్లెమ్మ.

అమన్ తెల్లబోయాడు. అడుగంటే అడుగేనండీ, టేపు అడుగు అన్నాడు. ఆవిడ లేచి పెట్టెలోంచి దస్తావేజు తెచ్చింది. మడతల దగ్గర చిరిగి, అక్షరాలు వెలిసిపోయిన కాగితం. తూర్పు పడమరలు తొంభై ఆరు అడుగులు. తొంభై ఆరులోంచి ఎనభై నాలుగు తీసెయ్యడానికి ఆవిడకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

పన్నెండడుగులు లేవు.

ఆ క్షణాన బుల్లెమ్మ ముఖంలోకి వచ్చినది సంతోషమే అని సింధూరి తర్వాత అమన్‌తో అంది. తొమ్మిదేళ్ళు ఒక్కతే మోసిన మాటకి ఇవాళ ఆకాశం సాక్ష్యం చెప్పింది. "చూశారా? తిన్నాడు. పన్నెండడుగులు తిన్నాడు. ఈ బొమ్మ నాకు కాగితం మీద కావాలి. సోమవారం అర్జీకి పెడతా" అంది. ఇన్నాళ్ళూ నవ్విన ఊరు, నలభై ఎనిమిది అన్న ఊరు, ఆ కాగితం చుట్టూ మూగడం అప్పుడే ఆవిడకి కనపడుతోంది.

అమన్ మాత్రం తెర మీంచి తల ఎత్తలేదు. పెళ్ళిళ్ళలో వెయ్యిమందిని పైనుంచి చూసి ఎవరు వరస తప్పారో పట్టుకునే కళ్ళు అతనివి. మెల్లిగా అన్నాడు, జక్కయ్యగారి కొబ్బరిచెట్ల వరస తిన్నగా ఉందండీ. బోదెకి అవతల మిగతావాళ్ళు పోసిన సున్నం కూడా ఆ వరసనే వస్తోంది. మీ దగ్గరికొచ్చేసరికే, మీవైపే, గట్టు కడుపుతో ఉన్నట్టు ముందుకొచ్చింది. ఆయన నెడితే చెట్లు కూడా జరగాలి కదండీ.

మరి నాకు నిన్న కూడా నలభై ఎనిమిదే వచ్చిందే అంది బుల్లెమ్మ. పన్నెండడుగులు పోతే ఆరు తగ్గాలిగా?

సింధూరి ఒకసారి చేను దగ్గర నడిచి చూపిస్తారా మామ్మగారూ అని అడిగింది.

నడిచింది. పడమటి గట్టు మొదట్లో చెప్పులు విడిచింది. పైన ఆ రొద. తన నెత్తిమీద ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగేళ్ళ కిందట రెండో పంట దాళవాలో బురదలో కాలు జారి మోకాలు మెలిపడింది. కట్టు విప్పాక మామూలుగానే నడుస్తున్నానని అందరికీ చెప్పింది. ఇప్పుడు ప్రతి అడుగూ ఆకాశానికి తెలిసిపోతుంటే ఆ మోకాలు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నలభై ఎనిమిది. గట్టు పాదం.

అమన్ డ్రోన్ దించి తెర మీద చూపించాడు. బోదె గట్టు తడిమట్టిలో ఆవిడ పాదాల వరస, చీమల బారంత చిన్నది. ఎర్ర దారం, ఎనభై నాలుగు. నలభై ఎనిమిదితో భాగించి అడుగుకి ఇరవై ఒక్క అంగుళాలన్నాడు. రెండడుగులంటే ఇరవై నాలుగు.

బుల్లెమ్మ ఆ తెరకేసి చాలాసేపు చూసింది. చేను తరుగుతూ వచ్చింది. దానితోపాటే అడుగూ తరుగుతూ వచ్చింది. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఒకదాన్నొకటి బయటపెట్టకుండా, రోజూ పొద్దున్నే నలభై ఎనిమిది అని తనకి జోల పాడాయి. లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి నమ్మినది ఆ ఒక్క కాలినే.

అప్పుడు తెర మీద ఆ కడుపు లావుగా ఉన్న చోటు చూసింది. ఈశాన్యం మూల. పది గంపలు ఎక్కువ పడే మూల.

అరచేతుల్లో ఒండ్రు మట్టి చల్లదనం తగిలినట్టయింది.

ఎవరికీ ఏమీ చెప్పకుండా పాకలోంచి గునపం, పార తెచ్చింది. అమన్ సాయం వస్తానంటే వద్దంది. మూల దగ్గర గడ్డి చెక్కి, కొబ్బరి వరసకి తిన్నగా చూసుకుని గునపం దించింది. మట్టి పొరలు పొరలుగా ఊడొచ్చింది. పోయినేడు మెత్తింది, అంతకుముందేడు మెత్తింది. ఒక పొరలో ఆవిడ వేళ్ళ గుర్తులే ఉన్నాయి, అద్దినప్పుడు పడ్డవి, ఎండి గట్టిపడినవి. మోచెయ్యి లోతున గునపం ఠంగుమంది.

ఆ చప్పుడు చెరువు అవతలి గట్టున మేత వేస్తున్న జక్కయ్యకి కూడా వినపడింది. చేతిలో గంప దించి ఇటు చూశాడు.

రాయి తల అరచెయ్యంత కనిపిస్తోంది. దాని మీద చెక్కిన బాణం గుర్తులో మట్టి నిండి ఉంది. బుల్లెమ్మ ఒక్క క్షణం చుట్టూ చూసింది. సింధూరీ, అమనూ కారుతో బోదె వంతెన దగ్గర ఉన్నారు. డ్రోన్ పెట్టెలో ఉంది. జక్కయ్య అంత దూరాన ఉన్నాడు. పార నిండా మట్టి ఉంది. జూన్‌లో కెమెరా ముందు చెప్పిన మాట ఆ పెట్టెలో ఎక్కడో భద్రంగా ఉంది. మట్టి మళ్ళీ కప్పేస్తే అదే నిజమై ఊళ్ళు తిరుగుతుంది. పన్నెండడుగులు జక్కయ్యే తిన్నవాడవుతాడు. కప్పకపోతే రేపట్నుంచి తను కొత్త పేరు మొయ్యాలి.

పారలో మట్టి తనవైపు చేలోకి విసిరేసింది. అంచులు కూడా చెక్కి రాయిని నడుం దాకా బయటికి తీసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "జక్కయ్యా, ఇటొకసారి రా" అని పిలిచింది.

తొమ్మిదేళ్ళలో ఆవిడ అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అతను ఆ పిలుపుని కూడా కాసేపు అనుమానంగానే చూసి, గట్టు చుట్టి వచ్చాడు. రాయిని చూశాడు. మట్టి పొరల్ని చూశాడు. రైతే కదా, ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. నవ్వుతాడేమోనని బుల్లెమ్మ పళ్ళు బిగించుకుంది.

అతను నవ్వలేదు. "ఇన్నేళ్ళూ దొంగనన్నావు వదినా. మా అమ్మాయి పెళ్ళిలో వియ్యాలవారు కూడా అడిగారు, ఆ రాయి సంగతేంటని" అన్నాడు.

సింధూరి దగ్గరికొచ్చి తగ్గు గొంతుతో, జూన్‌లో మీరు చెప్పింది తీసేస్తాంలెండి మామ్మగారూ, ఎవరికీ తెలీదు అంది.

బుల్లెమ్మ చటుక్కున తిరిగింది.

"తీసేస్తే తీసేశావని నాకెలా తెలుస్తుంది? ఉంచు. దాని పక్కనే ఇప్పుడు చెప్పేది పెట్టు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తామన్నావుగా."

కెమెరా పెట్టారు. ఈసారి కొంగు కప్పుకోవడం మర్చిపోయింది. చేతుల నిండా మట్టి. రాయి వంక చూస్తూ చెప్పింది.

"రాయి నేను పూడ్చాను. నా చేను నేనే గట్టుకి మెత్తాను. జక్కయ్య తియ్యలేదు." ఆగింది. తలెత్తి జక్కయ్యని చూసింది. "ఊట మాత్రం అతనిదే. ఆ పసుపు పట్టీ అతని నీళ్ళే."

జక్కయ్య మొహం ముడుచుకుంది. గట్టు వంక చూస్తూ అన్నాడు, నువ్వెప్పుడూ రాయి మాటే ఎత్తావు గానీ నీళ్ళ మాట ఎత్తలేదు కదా వదినా. ఆ మాట నిజమే. ఇన్నేళ్ళ అర్జీల్లో ఒక్కదాంట్లోనూ ఊట అన్న మాట లేదు. నిజంగా తన వరిని తింటున్నదాన్ని పక్కన పెట్టుకుని, తిననివాడి మీద కన్నేసి కూర్చుంది. అతను గట్టు పాదాన తనవైపు ఊట నీళ్ళు పట్టే కాలవ తవ్విస్తానన్నాడు, ఈ దాళవా లోపల. సింధూరి అదీ కెమెరాలో చెప్పమంది. జక్కయ్య చెమట తుడుచుకుని చెప్పాడు.

"తవ్వేటప్పుడు నేను పక్కనుంటా" అంది బుల్లెమ్మ.

"ఉండకపోతే ఊరుకుంటావా?" అన్నాడు జక్కయ్య. ఈసారి కొంచెం నవ్వాడు. వెళ్తూ వెళ్తూ అందరికీ బోండాలు కొట్టిస్తానన్నాడు. సింధూరీ, అమనూ తాగారు. బుల్లెమ్మ కూడా చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, ముందు అమన్ ముఖం చూసి, అతనికి ఏమీ కాలేదని తేలాక ఒక గుక్క తాగింది.

మర్నాడు పొద్దు ఇంకా మబ్బు మాటున ఉండగానే ఆవిడ చేను దగ్గరికి వెళ్ళింది. పడమటి గట్టు మొదట్లో చెప్పులు విడిచింది. కుచ్చిళ్ళు దోపుకుంది. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. బొటనవేలు గట్టు మట్టికి తగిలింది. ఇన్నేళ్ళూ అక్కడ ఆగేది. ఇవాళ గట్టెక్కింది. తను పోసిన మట్టి మీద, తను రాసిన నునుపు మీద నడిచింది. నలభై తొమ్మిది, యాభై. మసక వెలుగులో కొంగొకటి మురుగు కాలవ మీంచి రెక్క కదపకుండా జారింది. యాభై నాలుగు, యాభై అయిదు. కాలికి రాయి తగిలింది, చల్లగా, గరుగ్గా, హనుమయ్య పాతిన చోటే.

కాసేపు దాని మీద పాదం ఆనించి నిలబడింది. యాభై అయిదు అని పైకే అంది. ఆ అంకె నోటికి కొత్తగా ఉంది, ఇంకా ఎవరిదో లాగా ఉంది.

తర్వాత వెనక్కి తిరిగి, రాయి నుంచి పడమటి గట్టు దాకా మళ్ళీ లెక్కపెట్టుకుంటూ నడిచింది.

ఈసారి యాభై ఆరొచ్చాయి.

బుల్లెమ్మ వంగి, ఇన్నాళ్ళూ జక్కయ్యని చూసిన చూపుతో, తన కాలికేసి చూసింది.